జిమ్ కీ పుట్టిన ఊరిలో నొప్పితో నడిచే గుర్రాలు

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో షెల్బీవిల్ అనే చిన్న పట్టణం ఉంది. ఏటా ఆగస్టు చివరలో అక్కడ టెనెసీ వాకింగ్ జాతి గుర్రాలకు జాతీయ పోటీలు జరుగుతాయి. 1939లో మొదలైన ఈ పోటీలను దశాబ్దాలుగా ఒక వివాదం వెంటాడుతోంది. ముందుకాళ్లను బాగా పైకెత్తి విసిరే ఆడంబరమైన నడక కోసం గుర్రాల కాళ్లకు కావాలనే నొప్పి కలిగిస్తున్నారు. దీన్ని అరికట్టడానికి 1970లోనే అమెరికా చట్టం చేసింది. అయినా ఆగలేదు. ఈ వ్యవహారం గురించి రాసేవారు సాధారణంగా 1950ల నుంచి మొదలుపెడతారు. నేను 1889 నుంచి మొదలుపెడతాను. గుర్రానికి దెబ్బ కొట్టకుండా ఏం నేర్పవచ్చో ఇదే ఊరివాడు ఒకాయన జిమ్ అనే గుర్రంతో లోకానికి చూపించాడు. ఆ గుర్రం పుట్టిన సంవత్సరం అది.

ఆయన పేరు విలియం కీ. 1833లో బానిసగా పుట్టాడు. చిన్నప్పటి నుంచీ పశువులను మచ్చిక చేసుకోవడంలో దిట్ట. బడికి వెళ్లి చదవకపోయినా పశువైద్యం స్వయంగా నేర్చుకున్నాడు. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయాక నొప్పులకు పూసే తైలం ఒకటి తయారుచేసి ఊరూరా అమ్మాడు. మనుషులకూ పశువులకూ పనికివచ్చే ఆ తైలమే ఆయనకు ఆస్తిని సంపాదించిపెట్టింది.

ఆయన దగ్గరున్న ఒక అరబ్బు జాతి ఆడగుర్రానికి పుట్టిన పిల్ల వంకర కాళ్లతో, నిలబడలేని స్థితిలో ఉంది. అలాంటి పిల్లను చంపేయడమే ఆ రోజుల్లో మామూలు. కీ ఆ పని చేయలేదు. జిమ్ అని పేరు పెట్టి, తన వైద్యంతోనే కాళ్లు సరిచేసి, తల్లి చనిపోయాక ఇంట్లోనే పెట్టుకుని పెంచాడు. యాపిల్ ముక్క కావాలా అని కీ భార్య అడిగితే ఆ పిల్ల తల ఊపిందట. కీ చదువు చెప్పడం అక్కడ మొదలైందని చెబుతారు. అక్షరాలు, అంకెలు నేర్పడానికి ఏళ్లు పట్టింది. కొరడా మాత్రం ఎన్నడూ వాడలేదు.

1897లో నాష్‌విల్‌లో టెనెసీ రాష్ట్ర శతాబ్ది ఉత్సవాలు జరిగాయి. అక్కడ జిమ్ ప్రదర్శనను అధ్యక్షుడు మెకిన్లీ చూసి మెచ్చుకున్నాడు. జంతు సంరక్షణ ఉద్యమంలో ఉన్న ఆల్బర్ట్ రోజర్స్ అక్కడే ఈ ఇద్దరినీ గమనించి, ప్రచార బాధ్యత తనమీద వేసుకుని దేశమంతా తిప్పాడు. 'బ్యూటిఫుల్ జిమ్ కీ' అన్న పేరు పత్రికల నిండా మోగింది.

ఆ ప్రదర్శనలు ఎలా ఉండేవంటే, వేదిక మీద ఒక చట్రానికి అక్షరాల అట్టలు వరుసగా తగిలించి ఉంచేవారు. ప్రేక్షకుల్లో ఎవరైనా ఒక పేరు చెబితే, జిమ్ నడిచి వెళ్లి ఒక్కో అట్టనూ పళ్లతో తీసి, వరుస తప్పకుండా పేర్చేది. గల్లాపెట్టె తెరిచి సరిగ్గా చిల్లర ఇచ్చేది. గడియారం చూసి వేళ చెప్పేది, ఉత్తరాలను వాటి గళ్లలో సర్దేది. నాకు అన్నిటికన్నా నచ్చే అంశం వెండి నాణెంది. నీళ్లు నింపిన పెద్ద గాజు పాత్ర అడుగున నాణెం వేసేవారు. జిమ్ కళ్ల దాకా తల ముంచి, ఒక్క గుక్క కూడా తాగకుండా, ఆ నాణేన్ని పెదవులతో వెతికి పళ్లతో పట్టుకుని పైకి తెచ్చేది. నీళ్లంటే బెదిరే జంతువు అలా చేయాలంటే ఎంత ఓర్పుతో నేర్పి ఉండాలి!

1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో జిమ్‌కు ప్రత్యేకంగా ఒక మందిరమే కట్టారు. జనం కిటకిటలాడారు. అదే ఏడాది జర్మనీలోని బెర్లిన్‌లో హాన్స్ అనే మరో గుర్రం లెక్కలు చేస్తోందని పెద్ద సంచలనం. దాన్ని పరీక్షించిన ఆస్కర్ ఫుంగ్స్ట్, ప్రశ్న అడిగే మనిషి ముఖంలో, తల కదలికలో తెలియకుండానే కనిపించే చిన్న మార్పులను పట్టుకుని అది జవాబిస్తోందని తేల్చాడు. ప్రశ్నించేవారికి జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలిసేది కాదు. జిమ్ కూడా యజమాని సైగలే అందుకుని ఉండవచ్చు. అంతమాత్రాన దాని గొప్పతనం ఏమీ తగ్గదని నా నమ్మకం. వేలమంది కేకల మధ్య, బ్యాండు మోతల మధ్య ఒక్క మనిషి కదలికను అంత శ్రద్ధగా గమనించిందంటే, ఆ మనిషి దగ్గర భయం లేదన్నమాట.

కీ, రోజర్స్ ఆ పేరును ఊరికే డబ్బుకు వాడుకోలేదు. ప్రదర్శనకు వచ్చిన పిల్లల చేత 'జంతువుల పట్ల ఎప్పుడూ దయగా ఉంటాను' అని ప్రతిజ్ఞ రాయించేవారు. జిమ్ పేరు మీద వెలిసిన దయాసంఘంలో 20 లక్షల మంది పిల్లలు చేరారని నిర్వాహకులు ప్రకటించారు. బడుల్లో జంతువుల పట్ల కరుణను బోధించాలన్న ఉద్యమానికి ఇది పెద్ద ఊతం. బానిసగా, ఒకరి సొమ్ముగా లెక్కకట్టి పెంచిన మనిషి ఒకడు నోరులేని జీవి తరఫున దేశమంతా తిరిగాడు. 1906లో ఇద్దరూ ప్రదర్శనలు మాని షెల్బీవిల్ చేరుకున్నారు. 1909లో కీ, 1912లో జిమ్ కన్నుమూశారు.

ఇప్పుడు వివాదానికి వస్తే, టెనెసీ వాకింగ్ గుర్రం పుట్టుకతోనే మెత్తని నడక గలది. కుదుపు లేకుండా రోజంతా పొలాల చుట్టూ తిరగడానికి రైతులు పెంచిన జాతి అది. 1935లో దీని పెంపకందారుల సంఘం ఏర్పడింది. 1950ల నాటికి పోటీల్లో సహజమైన నడకకు గిరాకీ తగ్గి, ముందుకాళ్లు మరీ ఎత్తుగా లేపే 'బిగ్ లిక్' నడకకు బహుమతులు రావడం మొదలైంది. అలా నడిపించడానికి అడ్డదారులు పుట్టాయి. గిట్టకు పైన ఉండే లేత చర్మానికి కిరోసిన్, డీజిల్, ఆవనూనె వంటివి పూసి, గుడ్డ చుట్టి మగ్గబెడతారు. ఆ మంట మీద గొలుసులు తగిలిస్తారు, గిట్టల కింద ఎత్తైన దిమ్మలు కట్టి లాడాలు వేస్తారు. నేల తాకితే నొప్పి, గొలుసు తగిలితే నొప్పి. అందుకే గుర్రం కాలు అంత పైకి లేపుతుంది. నొప్పి తగ్గించే తైలంతో పైకొచ్చిన కీ ఊళ్లో, నొప్పి పెట్టడానికి కాళ్లకు మందులు పూయడం నాకు మింగుడుపడని సంగతి.

ఇంతకన్నా దారుణం తనిఖీకి సిద్ధం చేసే తీరు. తనిఖీదారు బొటనవేలితో కాలు నొక్కి చూస్తాడు. గుర్రం ఉలిక్కిపడితే దొరికిపోతుంది. అందుకని కొందరు శిక్షకులు ముందే ఉత్తుత్తి తనిఖీలు పెట్టి, కదిలినప్పుడల్లా కొడతారు. నిజమైన తనిఖీ నాటికి నొప్పి ఉన్నా కదలకుండా నిలబడడం గుర్రానికి అలవాటవుతుంది. ఇదీ చదువే. మనిషి కదలికలను శ్రద్ధగా గమనించే ఆ గుణాన్నే ఇక్కడ దానికి శత్రువును చేశారు.

1970 నాటి చట్టం వచ్చాక కూడా తనిఖీలు చాలావరకు ఆ రంగం నియమించుకున్న మనుషుల చేతుల్లోనే ఉండిపోయాయి. 2006లో ప్రభుత్వ తనిఖీదారులు గట్టిగా పట్టుకోవడంతో షెల్బీవిల్ పోటీల్లో అన్నిటికన్నా పెద్ద బహుమతికి విజేతనే ప్రకటించలేకపోయారు. స్వీయ తనిఖీ విఫలమైందని 2010లో అమెరికా వ్యవసాయ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక కుండబద్దలు కొట్టింది. గొలుసులు, దిమ్మలు నిషేధించాలని 2012లో పశువైద్యుల సంఘాలు కోరాయి. అదే ఏడాది రహస్యంగా తీసిన ఒక వీడియో టీవీలో ప్రసారమై జనం నివ్వెరపోయారు.

వ్యవసాయ శాఖ 2024లో తెచ్చిన కఠిన నిబంధనల్లో ముఖ్యమైన భాగాలను 2025 జనవరిలో టెక్సస్‌లోని ఫెడరల్ న్యాయస్థానం కొట్టివేసింది. గొలుసులను, దిమ్మలను చట్టం ద్వారానే నిషేధించే బిల్లును ప్రతినిధుల సభ 2019లో ఒకసారి, 2022లో మరోసారి ఆమోదించింది. రెండుసార్లూ సెనేట్ దాన్ని ఓటింగుకు పెట్టలేదు.