ముందుగా తెలిసేది చొక్కా తొడిగే చేతులకే

వృద్ధుల నివాసంలో ఉండే పెద్దాయనకు నొప్పి మొదలైన సంగతి డాక్టరు కంటే ముందు ఆయనకు చొక్కా తొడిగే సహాయకురాలికి తెలుస్తుంది. నిన్న సులువుగా లేచిన చెయ్యి ఇవాళ బిగుసుకుంటుంది. పక్క మీద ఒత్తిగిలిస్తే ముఖం చిట్లించుకుంటారు. అన్నం ముందు పెడితే తల తిప్పేస్తారు. ఈ గమనింపు పుస్తకంలోకి ఎక్కి, నర్సు దాకా వెళ్లి, మందై తిరిగి వస్తేనే పాలియేటివ్ కేర్, అంటే జబ్బు తెచ్చే నొప్పినీ బాధనూ తగ్గించే సేవ, జరిగినట్టు. మధ్యలో ఎక్కడ తెగినా మంచి డాక్టరు ఉండి కూడా లాభం లేదు.

పాలియేటివ్ కేర్ అనగానే ‘ఇక చేసేదేమీ లేదన్నమాట’ అని కుటుంబాలు బెంబేలెత్తిపోతాయి. ఈ అపోహ చేసే చేటు చాలా ఎక్కువ. చివరి నెలల కోసం ఉన్నది హాస్పిస్. పాలియేటివ్ కేర్ మాత్రం గుండె బలహీనత, ఊపిరితిత్తుల జబ్బు, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు), డిమెన్షియా (జ్ఞాపకశక్తీ ఆలోచనా క్షీణించే జబ్బు) వంటివి బయటపడిన నాటి నుంచే అసలు చికిత్సతో పాటు నడవగలదు. 2010లో అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మంది మీద జరిగిన అధ్యయనంలో, దీన్ని మొదటి నుంచీ అందుకున్నవారికి బాధా దిగులూ తగ్గాయి. వారిలో సగం మంది 11.6 నెలలకు మించి బతికారు, మిగతావారిలో సగం మంది 8.9 నెలలకు మించి. అది క్యాన్సర్ రోగుల లెక్క, అన్ని జబ్బులకూ అంటగట్టకూడదు. అయినా ఈ సేవ ఆయువును కుదిస్తుందన్న భయానికి అది గట్టి జవాబు.

అన్నిటికన్నా కష్టం, నొప్పి అని చెప్పలేనివారి నొప్పిని పట్టుకోవడం. డిమెన్షియా ముదిరినవారి కోసం ‘పెయినాడ్’ అనే కొలమానం ఉంది. శ్వాస తీరు, మూలుగు, ముఖ కవళిక, ఒంటి బిగువు, ఓదారిస్తే కుదుటపడతారా లేదా అన్న అయిదు అంశాలకు 0 నుంచి 2 దాకా మార్కులు వేస్తే మొత్తం 10. చాలాచోట్ల జరిగే పొరపాటు, మనిషి కదలకుండా పడుకున్నప్పుడు చూసి సున్నా వేయడం. స్నానం చేయించేటప్పుడు, పక్కకు తిప్పేటప్పుడు చూడాలి. మందు ఇచ్చిన గంటకు మళ్లీ చూడాలి. అంకె కంటే, అదే మనిషిలో వచ్చిన మార్పు ముఖ్యం.

మందుకు ముందు వెతకాల్సినవి కొన్ని ఉన్నాయి: నిండిన మూత్రాశయం, రోజుల తరబడి కదలని మలం, చిగుళ్లను ఒరిసే కట్టుడు పళ్లు, మడమ మీద మొదలైన పుండు. ఇవేవీ కాకపోతే తరచుగా పారాసెటమాల్‌తో మొదలుపెడతారు. ‘అవసరమైతే ఇవ్వండి’ అని రాసిన చీటీ ఇక్కడ దాదాపు వృథా, ఎందుకంటే అడగలేని మనిషికి ఆ అవసరం ఎప్పటికీ రాదు. వేళ ప్రకారం ఇవ్వాలి. పెద్దలకు రోజుకు 4 గ్రాములు హద్దు. 50 కిలోల లోపు ఉన్న చిక్కిపోయిన వారికి డాక్టరు ఇంకా తగ్గిస్తారు.

మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు పేరు వింటేనే భయపడతారు గానీ, కాచుకుని చూసుకుంటే ఇది నమ్మదగిన మందే. వృద్ధులకు తరచుగా నోటి ద్వారా 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, స్పందన చూసి పెంచుతారు. మొదటి రోజు నుంచే విరేచనకారి తోడుగా ఉండాలి. వాంతి, మగత సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గుతాయి, మలబద్ధకం మాత్రం తగ్గదు. మూత్రపిండాలు బలహీనమైతే మందు అవశేషాలు ఒంట్లో పేరుకుని మగత పెరుగుతుంది, కండరాలు ఉలిక్కిపడుతుంటాయి. అది కనబడిన వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఆయాసానికి వీపు ఎత్తి కూర్చోబెట్టి, ముఖానికి జానెడు దూరంలో చిన్న ఫ్యాను పెట్టండి. చెంపలకు తగిలే చల్లగాలి ఊపిరాడటం లేదన్న బాధను తగ్గిస్తుంది. రక్తంలో ఆక్సిజన్ సరిపడా ఉన్నవారికి సిలిండరు వల్ల అదనంగా ఒరిగేది పెద్దగా ఉండదు.

తిండి దగ్గరే కుటుంబాల మనసు ఎక్కువగా నలుగుతుంది. డిమెన్షియా ముదిరి మింగడం తగ్గినప్పుడు కడుపులోకి ఆహారం పంపే గొట్టం వేయమని అడుగుతారు. ఆ దశలో గొట్టం ఆయువును పెంచుతుందని గానీ, ఊపిరితిత్తుల్లోకి పొలమారడాన్ని ఆపుతుందని గానీ ఆధారాలు లేవు. పైగా పీకేసుకోకుండా చేతులు కట్టేసే దుస్థితి వస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగాకే మరొకటి చేతితో తినిపించడమే మేలు. వద్దంటే ఆపాలి. ప్రేమతో బలవంతం చేసిన ముద్ద కూడా ఊపిరితిత్తుల్లోకి పోగలదు.

వీటన్నిటికీ అసలు పరీక్ష అర్ధరాత్రి వస్తుంది. ఒక పెద్దావిడకు ఆయాసం హఠాత్తుగా పెరుగుతుంది, డ్యూటీలో ఉన్న కొత్త సహాయకుడికి ఏం చేయాలో తెలియదు, అంబులెన్స్ వస్తుంది, తెలియని వార్డులో తెలియని ముఖాల మధ్య ఆ పెద్దావిడ మరింత కలత పడుతుంది. దీనికి మందు ముందుచూపే. ఆసుపత్రికి తరలించడం ఏ పరిస్థితిలో కావాలి, ఏ పరిస్థితిలో వద్దు, తన తరఫున మాట్లాడేది ఎవరు అన్నవి మనిషికి తెలివి ఉన్నప్పుడే ఆమెనే అడిగి రాసుకోవాలి. చివరి రోజులు దగ్గరపడితే నొప్పికి, ఆందోళనకు, వాంతికి, గొంతులో గురగురకు వాడే మందులు మోతాదు రాసిన చీటీతో సహా తాళం వేసిన పెట్టెలో సిద్ధంగా ఉండాలి. వాటిని ఇచ్చే అర్హత ఉన్న నర్సు రాత్రి ఎలా దొరుకుతారో ఆ పెట్టె మీదే రాయాలి.

ఆ గురగుర వినేవారిని కలవరపెడుతుంది గానీ, స్పృహ తగ్గిన మనిషికి దానివల్ల ఇబ్బంది ఉన్నట్టు సాధారణంగా కనిపించదు. పక్కకు తిప్పి పడుకోబెడితే చాలాసార్లు తగ్గుతుంది. గురగురకు ఇచ్చే మందు గొంతులో కొత్తగా ఊరే స్రావాన్ని ఆపుతుంది తప్ప, అప్పటికే చేరినదాన్ని తీయలేదు, కాబట్టి ఆలస్యం చేయకూడదు. తడి స్పాంజితో నోటిని తరచుగా తుడుస్తూ, పెదవులకు కాస్త లేపనం రాస్తూ ఉండాలి. ఈ పనిని పక్కనే కూర్చున్న కూతురికో కొడుక్కో నేర్పితే వాళ్లూ చేయగలరు.