గాలిదారి, నీటిదారి: శత్రువు నేల మీద దిగడంలో ఏది ఎక్కువ ప్రమాదం?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలకు సైన్యం కొత్త కాదు. తెల్లవారుజామున పొలం గట్ల మీద, రోడ్ల పక్కన సైనిక ఎంపికల కోసం పరుగు తీసే కుర్రాళ్లు కనిపించని ఊరు ఇక్కడ అరుదు. కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచి విజయనగరం పక్కనే ఉంది. సెలవు మీద ఇంటికి వచ్చిన జవాను చుట్టూ పిల్లలు చేరితే, విమానంలోంచి దూకడం ఎక్కువ ప్రమాదమా, ఓడలోంచి ఒడ్డుకు దిగి పోరాడడం ఎక్కువ ప్రమాదమా అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. విమానమే అని చాలామంది వెంటనే అనేస్తారు, ఎందుకంటే ఎత్తు అంటే ఎవరికైనా భయమే. గత వందేళ్లకు పైగా జరిగిన యుద్ధాలను తిరగేస్తే జవాబు అంత సులువుగా దొరకదు.

ముందు నీటి సంగతి చూద్దాం. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం దగ్గర తెల్లవారుజామున నిలబడితే, శత్రువు లేకపోయినా ఒడ్డు ఎంత కఠినమైనదో కళ్లారా తెలుస్తుంది. నడుములోతు నీళ్లలో పడవకు అటూ ఇటూ నిలబడిన మత్స్యకారులు వెంటనే తోయరు. కెరటాలను చూస్తూ ఆగుతారు. పెద్ద కెరటాలు వరసగా వచ్చి విరిగి వెళ్లాక, నీరు కాస్త తేరుకున్న ఆ కొద్ది క్షణాల్లోనే అందరూ ఒక్క ఊపున పడవను లోపలికి నెడతారు. ఆ అదును తప్పితే పడవ అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగిన పడవ బోల్తా కొడుతుంది. ఇసుక తిన్నె ఈ నెలలో ఉన్నచోట వచ్చే నెలలో ఉండదు. పుట్టినప్పటి నుంచి ఆ నీటితో బతికినవారికే ఇంత జాగ్రత్త కావాలంటే, ముప్పై కిలోల బరువు మోస్తూ, ఎన్నడూ చూడని ఒడ్డుకు, ఎదురుగా మెషిన్ గన్లు పేలుతుండగా దిగే సైనికుడి స్థితి ఊహించుకోవచ్చు.

తీర దాడి చరిత్రలో తొలి చేదు పాఠాల్లో ఒకటి మన సైనికులకే ఎదురైంది. 1914 నవంబరులో బ్రిటిష్ ఇండియా నుంచి వెళ్లిన సుమారు 8,000 మంది దళం జర్మన్ తూర్పు ఆఫ్రికాలోని టాంగా దగ్గర దిగింది. అందులో మద్రాసు ప్రెసిడెన్సీ పటాలాలు కూడా ఉన్నాయి. వారాల తరబడి ఓడల్లో ఇరుక్కుని, సముద్రం పడక నీరసించిన ఆ సైనికులను, తమకంటే ఎన్నో రెట్లు చిన్నదైన జర్మన్ దళం కొద్ది రోజుల్లోనే తిప్పికొట్టింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 25న టర్కీలోని గల్లిపోలిలో ‘రివర్ క్లైడ్’ అనే ఓడను ఒడ్డుకు ఎక్కించి, దాని పక్కల తెరిచిన ద్వారాల నుంచి సైనికులను దింపాలని చూస్తే, ముందుగా బయటికి వచ్చిన వారిలో అత్యధికులు నేల తాకకుండానే కూలిపోయారు. 1942 ఆగస్టు 19న ఫ్రాన్సు తీరంలోని డియెప్ దగ్గర దిగిన సుమారు 5,000 మంది కెనడా సైనికుల్లో 3,300 మందికి పైగా చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది.

1943 నవంబరు 20న పసిఫిక్ మహాసముద్రంలో జపాన్ పట్టులో ఉన్న తరావా దగ్గర జరిగింది మరీ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దాన్ని ముందే చెప్పినవాడు ఉన్నాడు. ఆ దీవుల్లో 15 ఏళ్లు నివసించిన మేజర్ హాలండ్, ఆ రోజుల్లో పోటు నమ్మదగింది కాదనీ, పగడపు దిబ్బ మీద మూడడుగుల నీరు కూడా ఉండకపోవచ్చనీ హెచ్చరించాడు. పడవలు దిబ్బ దాటాలంటే నాలుగడుగుల నీరు కావాలి. ఆయన మాట చెల్లలేదు. పడవలు దిబ్బ దగ్గరే ఆగిపోయాయి, ఓడల నుంచి దిగి పోరాడే అమెరికా సైనికులైన మెరైన్లు ఛాతీలోతు నీళ్లలో అర కిలోమీటరు దూరం తుపాకులకు ఎదురు నడిచారు. మూడు రోజుల పోరులో సుమారు వెయ్యి మంది అమెరికన్లు చనిపోయారు. ఆ దీవి వైశాల్యం మన మండలాల్లోని ఒక మామూలు పంచాయతీ పాటి కూడా ఉండదు.

ఇక గాలిదారి. పారాచూట్ సైనికుడు గాలిలో ఉండేది చాలావరకు ఒక నిమిషం లోపే. తక్కువ ఎత్తు నుంచి దూకిస్తారు కనుక గాలిలో గురి పెట్టి కాల్చడానికి శత్రువుకు దొరికే సమయం తక్కువ. ఆగ్రాలోని శిక్షణ కేంద్రంలో ఐదు దూకుళ్లు పూర్తి చేసి రెక్కల బ్యాడ్జీ తెచ్చుకున్న మా పక్క ఊరి మాజీ జవాను ఒకాయన, భయం తలుపు దగ్గర కాదని, నేల దగ్గర అని చెప్పేవారు. రెండు కాళ్లూ కలిపి, మోకాళ్లు కాస్త వంచి, నేల తగలగానే పక్కకు దొర్లాలి. నేల కోసం కాలు ముందుకు చాపితే చీలమండ పోతుంది. ఆ మాట చెబుతూ ఆయన తన ఎడమ చీలమండ మీద చెయ్యి వేసి చూపించేవారు.

1941 మే 20న జర్మన్లు గ్రీసుకు చెందిన క్రీట్ దీవి మీద దింపిన పారాచూట్ దళాలకు ఆ నేలే శత్రువైంది. వారి పారాచూట్ తాళ్లు వీపు మీద ఒకేచోట కలిసేవి, కనుక దిశ మార్చుకునే వీలు లేదు. తుపాకులు వేరే పెట్టెల్లో పడేవి. ఖాళీ చేతులతో ఆ పెట్టెల కోసం వెతుకుతున్న వారిని మిత్రదళాల సైనికులూ, కొడవళ్లూ కర్రలూ పట్టుకున్న రైతులూ చుట్టుముట్టారు. మాలెమె దగ్గర దిగిన ఒక బెటాలియన్లో సుమారు 600 మందికి దాదాపు 400 మంది చనిపోయారు. దీవి జర్మన్ల వశమైంది గానీ, హిట్లర్ ఆ తర్వాత అంత భారీ పారాచూట్ దాడికి మళ్లీ అనుమతి ఇవ్వలేదు. 1965 సెప్టెంబరులో పాకిస్తాన్ మన పఠాన్‌కోట్, ఆదంపూర్, హల్వారా విమాన స్థావరాల దగ్గర రాత్రివేళ దింపిన సుమారు 180 మంది కమాండోలకూ అదే గతి పట్టింది. చీకట్లో చెదిరిపోయిన వారిలో చాలామందిని పోలీసులూ లాఠీలు పట్టుకున్న పంజాబు పల్లె జనమూ కలిసి పట్టుకున్నారు.

రెండు దారులనూ ఒకే రోజున, ఒకే శత్రువు ఎదుట పోల్చి చూసే అవకాశం 1944 జూన్ 6న జర్మన్ల పట్టులోని ఫ్రాన్సు తీరం మీద జరిగిన నార్మండీ దాడి ఇస్తుంది. అమెరికా వైపు నుంచి సుమారు 13,000 మంది పారాచూట్లతో దూకారు. వారిలో సగం మందికి పైగా నష్టపోతారని వాయుసేనాధిపతి లీ మాలరీ ఆ దాడికి సర్వసేనాధిపతి అయిన ఐసెన్‌హోవర్‌ను హెచ్చరించాడు. ఐసెన్‌హోవర్ ఆ భారం తానే మోసి ముందుకు వెళ్లమన్నాడు. మొదటి రోజు నష్టం సుమారు 2,500 అని లెక్క తేలింది, అందులో చీకట్లో దారి తప్పి తర్వాత తిరిగి వచ్చినవారూ ఉన్నారు. వారికి ముందున్న యూటా తీరంలో 20,000 మందికి పైగా దిగితే, నాలుగో డివిజన్ నష్టం 197 మాత్రమే. ఇంతవరకే చూస్తే సముద్రమే క్షేమం అనిపిస్తుంది. అయితే యూటాలో అంత తక్కువ నష్టం జరగడానికి ఒక కారణం, ఒడ్డు వెనక దారులను రాత్రే పారాచూట్ దళాలు అడ్డుకోవడం. గాలిలో దిగినవారు తమ మీదికి లాక్కున్న ప్రమాదం నీటిలో దిగినవారి లెక్కలో కనిపించదు.

కొద్ది దూరంలోని ఒమాహా తీరంలో సుమారు 34,000 మంది దిగారు, నష్టం 2,000 దాటింది. మొత్తం మీద శాతం కడితే ఇది పారాచూట్ దళాల నష్టం కంటే తక్కువే. కానీ ఆ శాతం మొదటి వరసలో దిగినవాడికీ సాయంత్రం దిగినవాడికీ ఒకే ప్రమాదం ఉన్నట్టు చూపిస్తుంది, అక్కడే మోసం ఉంది. మొదటి వరసలో దిగిన 116వ రెజిమెంటు ‘ఏ’ కంపెనీ నిమిషాల్లో తుడిచిపెట్టుకుపోయింది. వర్జీనియా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ అనే చిన్న ఊరు, మూడు వేల పైచిలుకు జనాభా ఉన్నది, ఆ ఒక్క రోజే 19 మంది కొడుకులను పోగొట్టుకుంది. వాడవాడకూ ఒక జవాను ఉన్న మన ఊళ్లకు ఆ సంఖ్య బరువు వేరే చెప్పనక్కర్లేదు. నీటిలో తేలుతూ రావలసిన ట్యాంకులను ఒడ్డుకు చాలా దూరంలోనే దింపడం వల్ల ఒక బెటాలియన్‌కు చెందిన 29లో 27 మునిగిపోయాయి.

నా అభిప్రాయంలో అసలు తేడా కాలంలో ఉంది. తీర దాడిలో ప్రమాదం అంతా నీరూ నేలా కలిసే ఆ సన్నని గీత మీద, మొదటి గంటల్లో, మొదటి వరస మీద పడుతుంది. గీత దాటి, వెనక ఓడల నుంచి మందుగుండూ మనుషులూ వస్తున్నకొద్దీ తగ్గుతుంది. పారాచూట్ దళానికి దిగిన క్షణం కంటే దిగిన తర్వాతి రోజులే గండం, ఎందుకంటే మోసుకువచ్చిన గుండ్లు అయిపోయేలోగా తమవాళ్లు వచ్చి కలవకపోతే వారు చిక్కిపోయినట్టే. 1944 సెప్టెంబరులో హాలండు దేశంలోని ఆర్నెమ్ దగ్గర దిగిన బ్రిటిష్ డివిజన్ సుమారు 10,000 మందిలో తిరిగి నది దాటి వచ్చింది 2,400 మంది మాత్రమే. వారు దిగడం దాదాపు సాఫీగానే జరిగింది; రావలసిన ట్యాంకుల దళం సమయానికి చేరలేదు.

శత్రువు తుపాకీ ప్రమేయం లేకుండా పోయిన ప్రాణాలు రెండు దారుల్లోనూ ఎక్కువే. 1943 జులైలో ఇటలీకి చెందిన సిసిలీ దీవి మీదికి వెళ్లిన గ్లైడర్లలో, అంటే ఇంజను లేని విమానాల్లో, పదులకొద్దీ గాలికి సముద్రంలో పడి, సుమారు 250 మంది మునిగిపోయారు. రెండు రాత్రుల తర్వాత పారాచూట్ దళాలతో వస్తున్న 144 అమెరికన్ విమానాల మీద సొంత ఓడలే కాల్పులు జరిపి 23 విమానాలను కూల్చాయి.

మన తీరానికి ఈ భయం దగ్గరగా వచ్చింది 1942లో. మార్చిలో రంగూన్ జపాన్ వశమైంది. మన పెద్దలు రంగం అని పిలిచిన ఆ ఊరి నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు కాలినడకన తిరిగి వచ్చాయి. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. జపాన్ సైన్యం ఈ ఒడ్డున దిగుతుందేమోనన్న భయం నిజమైనదే, అయితే ఆ దాడి రాలేదు. మూడేళ్ల తర్వాత అదే రంగూన్ కోసం గాలిదారినీ నీటిదారినీ జతచేశారు. 1945 మే 1న భారత సైన్యపు గూర్ఖా పారాచూట్ బెటాలియన్ నదీముఖం దగ్గరి ఎలిఫెంట్ పాయింట్ సమీపంలో దూకి, ఓడలకు అడ్డమైన స్థావరాన్ని పట్టుకుంది. మర్నాడు 26వ ఇండియన్ డివిజన్ నీటి మీద వచ్చింది. గూర్ఖాలకు ఆ రోజు జరిగిన నష్టంలో పెద్ద భాగం మనవైపు విమానాలు పొరపాటున వేసిన బాంబుల వల్లే.

ఒడ్డును ముందుగా చదవడం ఎంత విలువైనదో నార్మండీ దాడికి ముందరి ఒక రాత్రి చెబుతుంది. 1943 డిసెంబరు 31న ఇద్దరు బ్రిటిష్ సైనికులు చలినీటిలో ఈదుకుంటూ ఆ తీరానికి వెళ్లి, కాపలావాళ్ల కళ్లుగప్పి, ఇసుకలో గొట్టాలు దించి మట్టి నమూనాలు తెచ్చారు. ట్యాంకు దిగబడుతుందా, నిలబడుతుందా అన్నది ఆ గుప్పెడు ఇసుక తేల్చింది.

1971 డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధంలో మన సైన్యం నాలుగు రోజుల తేడాలో రెండు దారుల్లోనూ దిగింది. 11వ తేదీన టాంగైల్ దగ్గర రెండో పారా బెటాలియన్ దూకింది. అంతకు ముందే ఒక భారత కెప్టెన్ రహస్యంగా అక్కడికి చేరి, బంగ్లాదేశ్ విముక్తి దళమైన ముక్తి వాహిని నాయకుడు కాదర్ సిద్ధిఖీ మనుషులతో కలిసి దిగే చోటు చూసి పెట్టాడు. గాలికి చెరువుల్లోనూ పొలాల్లోనూ పడిన సామాను మోసుకురావడానికి ఊరి జనం ముందుకొచ్చారు, పూంగ్లీ వంతెన చేతికి చిక్కింది, సుమారు ఒక రోజులోనే మరాఠా బెటాలియన్ వచ్చి కలిసింది. కాక్స్ బజార్ తీరానికి గూర్ఖాలను తీసుకెళ్లిన నౌకలకు ఆ ఒడ్డు వాలు ఎంతో, ఇసుక తిన్నె ఎక్కడో సరిగా తెలియదు. ఎదురు కాల్చే శత్రువు అక్కడ లేడు. నౌక ఒడ్డుకు ముందే తిన్నె మీద ఆగిపోయింది, తిన్నెకూ ఒడ్డుకూ మధ్య లోతు దాగి ఉంది. నిండు బరువుతో ముందుగా దిగిన జవాన్లలో కొందరు ఆ లోతులో మునిగి చనిపోయారు. మిగిలినవారిని ఒడ్డుకు చేర్చడానికి చివరికి ఆ తీరపు నాటు పడవలే అక్కరకు వచ్చాయి.