పదహారు గడుల్లో దరువు

నెల్లూరు జిల్లా పల్లెల్లో జాతర ఊరేగింపు కదలబోయే ముందు డప్పులవాళ్లు గడ్డిమంట వేసి తోలును కాచుకుంటారు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, అందులోనూ ఈశాన్య రుతుపవనాల వానలు పడే రోజుల్లో, తోలు తేమ పీల్చి సాగిపోయి మోత మొద్దుబారుతుంది. మంట వేడికి తేమ ఆరి తోలు బిగుసుకుంటే స్థాయి (శ్రుతి ఎత్తు) పెరిగి మోత ఖంగుమంటుంది. బిగువు రెండింతలైనా స్థాయి పెరిగేది వర్గమూలం చొప్పున, అంటే సుమారు 1.4 రెట్లే. డప్పు కళాకారుడు ఈ లెక్కను చెవితోనే తేల్చుకుంటాడు. డ్రమ్ముల మోతను విద్యుత్తుతో పుట్టించి దరువు వాయించే యంత్రం డ్రమ్ మెషిన్‌లో ఈ పని ట్యూనింగ్ అనే చిన్న నాబ్‌ది.

ఆ యంత్రం అర్థం కావాలంటే డప్పును పక్కన పెట్టుకుని చూడడమే సులువని నా అభిప్రాయం. వాద్యకారుడు ఒక్క దెబ్బలో కలిపి చేసే పనిని యంత్రం రెండుగా చీల్చి, ఎప్పుడు మోగాలన్నది బొత్తాములకు, ఎలా మోగాలన్నది నాబ్‌లకు అప్పగించింది.

1980లో జపాన్ సంస్థ రోలాండ్ తెచ్చిన టీఆర్-808 అనే డ్రమ్ మెషిన్‌లో రికార్డు చేసిన శబ్దం ఒక్కటీ లేదు. కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్ము మోత) కావాలంటే ఒక సర్క్యూట్‌కు క్షణకాలపు విద్యుత్ తాకిడి ఇస్తారు. కొట్టి వదిలిన గంటలాగా అది సుమారు 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఊపులు) దగ్గర ఊగి క్రమంగా సద్దుమణుగుతుంది. ఆ సద్దుమణిగే కాలాన్ని డికే నాబ్ నిర్ణయిస్తుంది: తగ్గిస్తే పొట్టి గుద్దు, పెంచితే గుండెల్లో దూరే గుమగుమ. స్నేర్ అనే చిన్న డ్రమ్ములో ఇలాంటి మోతకు బుసలాంటి నాయిస్ తోడవుతుంది. జంట తాళాల్లాంటి హైహ్యాట్ మరీ చిత్రం. ఒకదానితో ఒకటి శ్రుతి కలవని ఆరు ఆసిలేటర్ల (తరంగాలు పుట్టించే సర్క్యూట్ల) తరంగాలను కలిపి, కింది స్థాయిలను వడగట్టేస్తే, లోహపు చప్పుడు మిగులుతుంది. శ్రుతి కలపడానికే సంగీతకారులు అవస్థపడే లోకంలో శ్రుతి తప్పించి పని సాధించడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది. అదే ఏడాది అమెరికన్ రూపకర్త రోజర్ లిన్ తయారుచేసిన ఎల్ఎమ్-1 అనే డ్రమ్ మెషిన్ మాత్రం అసలైన డ్రమ్ముల శబ్దాలనే చిప్‌లలో దాచుకుంది.

ఇక కాలం సంగతి. 808 ముందు భాగంలో 16 బొత్తాములు వరుసగా ఉంటాయి, ఒక్కోటి ఒక్కో గడి; ఏ గడిలో ఏది మోగాలో నొక్కి చెబితే యంత్రం ఆ వరుసనే తిప్పి తిప్పి వాయిస్తుంది. చతురశ్ర నడకలో దెబ్బకు నాలుగు చొప్పున లెక్కపెట్టే మనకు ఇది తెలియనిదేమీ కాదు: నాలుగు దెబ్బలకు 16 గడులు, ఆది తాళం ఒక ఆవర్తనానికి 32 గడులు. నిమిషానికి 100 దెబ్బల వేగంలో ఒక్కో గడి 150 మిల్లీసెకన్లు. ఐదక్షరాల ఖండచాపు కావాలంటే అక్షరానికి రెండు గడుల చొప్పున వరుసను 10 దగ్గర, ఏడక్షరాల మిశ్రచాపుకు 14 దగ్గర తెగ్గొట్టాలి. ఒక్కో వాద్యానికి వేరే పొడవు ఇవ్వనిచ్చే యంత్రంలో కిక్‌ను 16 గడుల్లో, గంటను 10 గడుల్లో తిప్పితే, రెండూ విడిపోయి 80 గడుల తరువాత, అంటే సరిగ్గా 12 సెకన్లకు, మళ్లీ సమం మీద కలుస్తాయి. మృదంగ విద్వాంసులకు ఈ లెక్క పసిపిల్లల ఆట.

గడులన్నీ సమానంగా ఉంటే దరువు కవాతులా వినిపిస్తుంది. ఎల్ఎమ్-1లో లిన్ పెట్టిన స్వింగ్ దీనికి మందు. ప్రతి జంటలో రెండో గడి కొంచెం ఆలస్యంగా మోగుతుంది. 60 శాతం స్వింగ్ అంటే జంట కాలంలో 60 శాతం మొదటి గడికే; పై వేగంలో 150, 150 కావలసినవి 180, 120 అవుతాయి. ఆలస్యం 30 మిల్లీసెకన్లే అయినా నడకలో ఒయ్యారం వస్తుంది.

808 చతికిలబడేది యాక్సెంట్ (దెబ్బకు ఊపు పెంచడం) దగ్గర. అందులో ఒక గడికి ఊపు పెంచితే ఆ గడిలో మోగేవన్నీ కలిసి పెద్దవవుతాయి. డప్పు వాయించేవాడు పొట్టి లావు చిర్రతో గట్టిగా, పొడవాటి చిటికెన పుల్లతో సన్నగా, రెంటినీ విడివిడిగా అదుపు చేయగలడు. ఆ తేడా కావాలంటే ప్రతి దెబ్బకు వేరే బలం ఇవ్వగలిగే తరువాతి తరం యంత్రం వాడుకోవాలి. చిర్ర దెబ్బకు డికే తగ్గించి స్థాయి పెంచిన టామ్ (గుండ్రటి మోతనిచ్చే డ్రమ్ము), పుల్లకు రిమ్‌షాట్ (డ్రమ్ము అంచు మీది దెబ్బ చప్పుడు) కేటాయించి, పుల్ల దెబ్బల బలాన్ని సగానికి దించి, చిర్ర పడిన వెంటనే వచ్చే గడిని ఖాళీగా వదిలి చూడండి. మోత ఆరడానికి చోటు దొరకగానే దరువు ఊరేగింపు నడకలోకి వస్తుంది.