ఐదు మైక్రాన్ల గీత ఎక్కడిది?

కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 28న సామాజిక మాధ్యమాల్లో తేల్చి చెప్పింది. అప్పటికి పద్దెనిమిది రోజుల కిందటే అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 61 మంది గాయకులు ఒక హాల్లో రెండున్నర గంటలు సాధన చేశారు. వారిలో అప్పటికే లక్షణాలున్న ఒకరితో కలిపి 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు.

5 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించిన తుంపరలు వెంటనే నేలరాలతాయని, అంతకన్నా చిన్నవే గాలిలో తేలుతాయని అప్పటి వైద్య పుస్తకాలు గీత గీశాయి. ఆ ధీమాకు మూలం నూరేళ్ల నాటిది. తుంపరల్లో సూక్ష్మజీవులుంటాయని జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫ్లూగె 1897లో చూపాడు. చెడుగాలే రోగాలకు కారణమన్న పాత నమ్మకాన్ని వదిలించాలన్న పట్టుదలతో అమెరికా ఆరోగ్యాధికారి చార్లెస్ చేపిన్ 1910లో గాలి పాత్రను దాదాపుగా కొట్టిపారేశాడు. ఆ మాటే వైద్యశాస్త్రంలో స్థిరపడింది.

1934లో హార్వర్డ్‌లో విలియం వెల్స్ అనే శాస్త్రవేత్త దీన్ని లెక్కకు తెచ్చాడు. నోటి నుంచి వెలువడిన తుంపర ముందు నేల చేరుతుందా, ముందు ఆవిరైపోతుందా అన్నదే ఆయన ప్రశ్న. తుంపర అడ్డుకొలత సగమైతే పడే వేగం నాలుగో వంతుకు తగ్గుతుంది గనుక, 100 మైక్రాన్ల తుంపర మనిషి నోటి ఎత్తు నుంచి ఐదారు సెకన్లలో రాలుతుంది. 5 మైక్రాన్ల రేణువు నిశ్చలమైన గాలిలోనైనా అరగంట తేలుతుంది. పెంకుల సందు నుంచి పడే ఎండలో ఆడే నలుసులను చూసినవారికి ఇది వింతేమీ కాదు. వెల్స్ గీసిన హద్దు దాదాపు 100 మైక్రాన్లు.

మరి 5 ఎక్కడి నుంచి వచ్చింది? క్షయ క్రిములు ఊపిరితిత్తుల లోతుకు చేరితేనే పాతుకుంటాయి. అంత లోతుకు వెళ్లేవి 5 మైక్రాన్లకు లోపు రేణువులే. 1950ల చివర బాల్టిమోర్‌లో రిచర్డ్ రైలీ ఆరు పడకల క్షయ వార్డులోని గాలిని గొట్టాల ద్వారా పైన ఉంచిన గినీ పందులకు పంపించాడు. రోగులను ఎన్నడూ చూడని ఆ జంతువులకు ఒక్కొక్కటిగా క్షయ సోకింది. అతినీలలోహిత కిరణాలతో శుద్ధి చేసిన గాలిని పీల్చినవాటికి సోకలేదు. క్షయ గాలి ద్వారా వ్యాపిస్తుందన్న వాదన గెలిచింది గానీ, లోపలికి ఎంత దూరం వెళ్తుందో చెప్పే అంకె గాలిలో ఎంతసేపు ఉంటుందో చెప్పే అంకెగా పాఠ్యపుస్తకాల్లోకి జారిపోయింది. లిన్సీ మార్, కేటీ రాండల్ తదితర పరిశోధకులు పాత పుస్తకాలన్నీ తిరగేసి ఈ తికమకను 2021లో బయటపెట్టారు.

2020 జులైలోనే 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగంగా అభ్యంతరం తెలిపారు. పరిమాణాన్ని బట్టి రెండు రకాలుగా విడదీసే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో పక్కన పెట్టింది.