సాంటా మోనికా విమానాశ్రయం: గ్రాంటుతో పాటు వచ్చిన కట్టుబాటు

కాలిఫోర్నియాలో పసిఫిక్ తీరాన ఉన్న సాంటా మోనికా నగరం, చట్టం వీలు కల్పించిన వెంటనే తన విమానాశ్రయాన్ని మూసేస్తామని 1981లోనే తీర్మానించింది. స్థలం నగరానిది. నిర్వహణ కూడా నగరానిదే. అయినా 2028 డిసెంబరు 31 దాకా ఆ రన్‌వేను నడపక తప్పదు. సొంత స్థలం మీద సొంత నిర్ణయం అమలు కావడానికి దాదాపు అర్ధ శతాబ్దం ఎందుకు పడుతోంది? జవాబు కావాలంటే, అమెరికాలో చిన్న విమానాశ్రయాల బాగుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, ఏ షరతులతో వస్తుందో చూడాలి.

మన దగ్గర పురపాలక సంఘం విమానాశ్రయాన్ని నడపడమన్నది లేదు. గన్నవరం, కడప, రాజమహేంద్రవరం కేంద్ర సంస్థ అయిన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో ఉన్నాయి. శంషాబాద్‌ను ప్రైవేటు కంపెనీ నడుపుతోంది. అమెరికాలో అలా కాదు. అక్కడి చిన్న విమానాశ్రయాల్లో ఎక్కువ భాగం నగరాలవి, మన జిల్లాల్లాంటి కౌంటీలవి. వాటిలో చాలా చోట్ల టికెట్టు కొని ఎక్కే ప్రయాణికుల విమానాలే ఉండవు. శిక్షణ విమానాలు, సొంత విమానాలు, అంబులెన్సు విమానాలు, మంటలార్పే విమానాలు మాత్రమే వస్తూ పోతూ ఉంటాయి. విమానాలు నిలిపే షెడ్ల (హ్యాంగర్ల) అద్దె, ఇంధనం అమ్మకం మీద వచ్చే కొద్దిపాటి రాబడి, విమానం దిగినందుకు తీసుకునే రుసుము, వీటితోనే నెట్టుకురావాలి. జీతాలకు, గడ్డి కోయడానికి, దీపాల మరమ్మతుకు అది సరిపోవచ్చు. రన్‌వే మొత్తం తిరిగి వేయాల్సిన రోజు వస్తే ఆ లెక్క ఎక్కడా తేలదు.

అందుకే అమెరికా ప్రభుత్వం 1970లో విమానాశ్రయాలు, విమాన మార్గాల కోసం ప్రత్యేక నిధి ఏర్పాటు చేసింది. దేశీయ ప్రయాణికుల టికెట్టు మీద వేసే పన్ను (ఇప్పుడది 7.5 శాతం), విమాన ఇంధనం మీద పన్ను అందులోకి చేరతాయి. 1982 చట్టంతో ఆ నిధి నుంచి అభివృద్ధి పనులకు గ్రాంట్లు ఇచ్చే పథకం ఇప్పటి రూపానికి వచ్చింది. చిన్న విమానాశ్రయాల్లో అర్హత ఉన్న పనుల ఖర్చులో సాధారణంగా 90 శాతం కేంద్రమే భరిస్తుంది. అంటే డాలస్ నుంచి న్యూయార్క్ వెళ్లే ప్రయాణికుడు కట్టిన పన్నులో కొంత, అతను పేరు కూడా వినని ఊళ్లో రన్‌వే తారు అవుతుంది. మన ఉడాన్ పథకంలో కూడా పెద్ద మార్గాల విమానాల మీద వేసే సుంకంతోనే చిన్న ఊళ్ల సర్వీసుల లోటు పూడుస్తున్నారు. కాకపోతే మన సాయం ఎక్కువగా విమానం నడిపే సంస్థకు చేరుతుంది, వాళ్ల సాయం విమానాశ్రయం యజమానికి చేరుతుంది.

ఆ యజమాని గ్రాంటు తీసుకునేటప్పుడు ఫెడరల్ విమానయాన సంస్థ ఎఫ్ఏఏకు హామీలు రాసివ్వాలి. అవి దాదాపు నలభై. అన్ని రకాల విమానాలనూ న్యాయమైన షరతుల మీద అనుమతించాలి, ఎవరి పట్లా వివక్ష చూపకూడదు. విమానాశ్రయం మీద వచ్చిన ఆదాయాన్ని విమానాశ్రయానికే ఖర్చు పెట్టాలి, నగర ఖజానాకు మళ్లించకూడదు. రుసుములు వీలైనంతవరకు ఖర్చుకు తగినట్టు ఉండాలి. ఈ హామీల్లో అధిక భాగం గ్రాంటు అంగీకరించిన నాటి నుంచి ఇరవై ఏళ్లకు మించకుండా అమల్లో ఉంటాయి. గ్రాంటు డబ్బుతో భూమి కొంటే మాత్రం గడువే ఉండదు. మరమ్మతుకు డబ్బు తీసుకున్న ప్రతిసారీ గడియారం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

సాంటా మోనికా కథకు ఇంకా పాత వేర్లున్నాయి. క్లోవర్ ఫీల్డ్ అని పిలిచే ఈ మైదానం నుంచే 1924 మార్చిలో అమెరికా సైన్యం ఇక్కడి డగ్లస్ కంపెనీ తయారు చేసిన నాలుగు విమానాలను భూప్రదక్షిణకు పంపింది. వాటిలో రెండు ఆ సెప్టెంబరులో ప్రయాణం పూర్తి చేశాయి. ప్రయాణికుల విమానయానాన్ని లాభసాటి చేసిన డీసీ-3 కూడా 1935 డిసెంబరు 17న ఇక్కడే తొలిసారి ఎగిరింది. రెండో ప్రపంచ యుద్ధంలో డగ్లస్ కర్మాగారం రాత్రింబగళ్లు పని చేసింది. శత్రు విమానాలకు కనిపించకుండా దాని పైన వలలు పరిచి, ఉత్తుత్తి ఇళ్లూ చెట్లూ అమర్చారు. చుట్టూ కార్మికుల కోసం అసలైన ఇళ్లు లేచాయి. తర్వాతి తగాదా ఆ ఇళ్ల నుంచే పుట్టింది. జెట్ల యుగంలో రన్‌వే పొడిగించాలని డగ్లస్ అడిగితే నగరం ఒప్పుకోలేదు. డీసీ-8 తయారీ లాంగ్ బీచ్‌కు వెళ్లింది. 1970ల మధ్యకల్లా కంపెనీ పూర్తిగా తరలిపోయింది. విమానాశ్రయం ఉండాలని కోరుకునే కూలీ, జీతగాడు వెళ్లిపోయారు. జెట్ల మోత వినేవారు మిగిలారు.

యుద్ధ కాలంలో కేంద్రం ఈ స్థలాన్ని లీజుకు తీసుకుని విస్తరించింది. 1948లో తిరిగి అప్పగిస్తూ రాసిన బదిలీ పత్రంలో, దీన్ని విమానాశ్రయంగానే నడపాలన్న షరతు చేర్చింది. ఆ షరతుకు అంతం లేదన్నది ఎఫ్ఏఏ వాదన. తన స్థలం తనకు తిరిగి వస్తే శాశ్వత షరతు ఏమిటన్నది నగరం వాదన. జెట్లను పూర్తిగా నిషేధించాలని చూస్తే 1979లో కోర్టు కొట్టేసింది. 1984లో రెండు పక్షాలూ రాజీపడ్డాయి: శబ్ద పరిమితులు ఉంటాయి, 2015 జూలై 1 దాకా విమానాశ్రయమూ ఉంటుంది. 2008లో వేగంగా దిగే పెద్ద జెట్లను మాత్రమే ఆపుతూ నగరం ఆర్డినెన్సు తెచ్చింది. రన్‌వే చివరికి సుమారు 300 అడుగుల దూరంలోనే ఇళ్లున్నాయి కనుక అది భయం నుంచి పుట్టిన చట్టమే. అయినా గ్రాంటు హామీలకు విరుద్ధమని ఎఫ్ఏఏ తేల్చింది, 2011లో అప్పీలు కోర్టు ఎఫ్ఏఏ నిర్ణయాన్ని సమర్థించింది.

ఇక మిగిలింది గడువు లెక్క. నగరం 1994లో సుమారు 16 లక్షల డాలర్ల గ్రాంటు తీసుకుంది. ఇరవై ఏళ్ల లెక్కన 2014తో హామీలు తీరిపోవాలి. కానీ 2003లో అదే గ్రాంటుకు సవరణగా మరో 2,40,000 డాలర్లు తీసుకుంది. సవరణను అంగీకరించిన నాటి నుంచే ఇరవై ఏళ్లు లెక్కించాలి, కాబట్టి గడువు 2023 అని ఎఫ్ఏఏ తీర్పు చెప్పింది. రన్‌వే పనుల లెక్కల్లో ఆ మొత్తం చాలా చిన్నది. దాని మీద తొమ్మిదేళ్ల స్వేచ్ఛ ఆధారపడింది.

ఈ లోపు నగరం కొత్త గ్రాంట్లు తీసుకోవడం మానేసింది. 2013లో దిగే రుసుమును వెయ్యి పౌండ్ల బరువుకు 2.07 డాలర్ల నుంచి 5.48 డాలర్లకు పెంచి, అక్కడే ఉండే విమానాలకూ వర్తింపజేసింది. కేంద్ర సాయం వద్దనుకుంటే నిర్వహణ భారం వాడుకునేవారి మీద పడక తప్పదు. 2014 నవంబరులో ఓటర్లు, విమానాశ్రయం మూతపడితే ఆ స్థలంలో ఉద్యానాలు, ఆటస్థలాలు తప్ప మరేవీ తమ ఓటు లేకుండా కట్టకూడదని తీర్మానించారు. స్థలం హక్కు మీద నగరం వేసిన దావా కోర్టులో నడుస్తుండగానే, 2017 జనవరిలో రాజీ కుదిరింది. నగర మండలి మూడుకు నాలుగు ఓట్లతో దాన్ని ఆమోదించింది. 4,973 అడుగుల రన్‌వేను 3,500 అడుగులకు కుదించుకోవచ్చు, 2028 చివర దాకా నడపాలి, ఆ తర్వాత నగరం ఇష్టం. ఆ ఏడాది డిసెంబరులోనే రన్‌వే కురచ చేశారు. పెద్ద జెట్ల రాక బాగా తగ్గింది.

నా దృష్టిలో ఇరవై ఏళ్ల షరతు న్యాయమైనదే. దేశమంతటి ప్రయాణికుల డబ్బుతో కొత్త రన్‌వే వేయించుకుని, ఐదేళ్లకే ఆ స్థలాన్ని కట్టడాలకు ఇచ్చేస్తే ఆ ప్రయాణికులకు అన్యాయం జరిగినట్టే. షరతు లేకపోతే సముద్రానికి దగ్గరలో 227 ఎకరాలు విమానాల కోసం ఎన్నాళ్లు మిగులుతాయి? తప్పు మరోచోట ఉంది. గ్రాంటు అంగీకారం చాలా చోట్ల మరమ్మతు కాంట్రాక్టులాగే మండలి ముందుకు వచ్చి, అలాగే ఆమోదం పొందుతుంది. అది రాబోయే ఇరవై ఏళ్ల పాటు ఆ నేల మీద ఏం చేయగలమో తేల్చే నిర్ణయం. ప్రజల ముందు అలాగే చర్చకు రావాలి. 2021 మౌలిక వసతుల చట్టం విమానాశ్రయ పనుల గ్రాంట్లకు ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ డబ్బు తీసుకున్న ప్రతి ఊరూ హామీలు రాసిచ్చింది.

విమానాశ్రయాన్ని మూసేయడానికి దొడ్డిదారి పట్టిన నగరమూ ఉంది. 2003 మార్చి 30 రాత్రి షికాగో మేయర్ రిచర్డ్ ఎం. డేలీ మెగ్స్ ఫీల్డ్ విమానాశ్రయం రన్‌వేను ముందస్తు నోటీసు లేకుండా బుల్డోజర్లతో తవ్వించారు. అక్కడ చిక్కుకుపోయిన విమానాలు ట్యాక్సీ మార్గం మీద నుంచి ఎగిరి వెళ్లాల్సి వచ్చింది. నగరం 33,000 డాలర్ల జరిమానా కట్టింది, కూల్చివేతకు మళ్లించిన విమానాశ్రయ నిధుల్లో 10 లక్షల డాలర్లు తిరిగి చెల్లించింది.

తెలుగువారు పెద్ద సంఖ్యలో నివసించే సిలికాన్ వ్యాలీలో శాంటా క్లారా కౌంటీ ఇప్పుడు ఓపిక పట్టే దారిలోనే ఉంది. సాన్ హోసేలోని రీడ్-హిల్‌వ్యూ విమానాశ్రయానికి 2018 నుంచి కొత్త గ్రాంట్లు వద్దనుకుంది. పాత హామీలు 2031 దాకా ఉన్నాయి. చుట్టుపక్కల పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉందన్న అధ్యయనం వచ్చాక, 2022 జనవరి నుంచి సీసం కలిసిన ఇంధనం అమ్మకాన్ని ఆపేసింది. దాని మీద ఎఫ్ఏఏ విచారణ మొదలైంది. గడువు తీరే దాకా రన్‌వేను భద్రంగా ఉంచే ఖర్చు స్థానికంగా సమకూర్చుకోవాల్సిందే.