టీఆర్పీ లెక్కలూ సూపర్‌హీరోల ఆయుర్దాయమూ

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు ఎంతో ఇష్టంగా చూసే సూపర్‌హీరోల సీరియళ్ళలో కొన్నింటిని కథ తెగకుండానే ఎందుకు ఆపేస్తారనీ, మరికొన్నింటిని చూసేవాళ్ళు బాగా తగ్గిపోయాక కూడా ఏళ్ళ తరబడి ఎందుకు నడుపుతారనీ అడిగారు. ఇక్కడ మన ఇంట్లో కూర్చుని చూస్తే అది లెక్కలోకి వస్తుందా అని కూడా అడిగారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను టీవీలో ప్రకటనలకు స్లాట్లు కొనే పనిలో ఉన్నాను కాబట్టి, ఈ ప్రశ్నలకు జవాబు కథల్లో కాక ప్రకటనల రేటు కార్డులో వెతకడం నాకు అలవాటు. మీకూ అదే నేర్పుతాను.

అమెరికాలో ఈ లెక్కలు కట్టేది నీల్సన్ అనే సంస్థ. అక్కడ టీవీ ఉన్న ఇళ్ళు సుమారు 12 కోట్లు ఉంటే, నేను చెప్పబోయే సీరియళ్ళు నడిచిన రోజుల్లో నీల్సన్ మీటర్లు ఉన్నవి దాదాపు నలభై వేల ఇళ్ళలోనే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందన్న ధీమా అది. మన దేశంలో బార్క్ చేసే పనీ ఇదే. తెలుగు ఛానెళ్ళవాళ్ళు గురువారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేది ఆ అంకెల కోసమే. మీటరు ఉన్న ఇంట్లో ప్రతి మనిషికీ ఒక బటన్ కేటాయిస్తారు. టీవీ ముందు కూర్చున్నప్పుడు ఎవరి బటన్ వాళ్ళు నొక్కాలి, లేచి వెళ్ళేటప్పుడు మళ్ళీ నొక్కాలి. అందువల్ల ఆ ఇంట్లో ఏ ఛానెల్ నడుస్తోందన్నదే కాక, దాని ముందు కూర్చున్నది డెబ్బై ఏళ్ళ బామ్మగారా, పాతికేళ్ళ మనవడా అన్నది కూడా మీటరుకు తెలుస్తుంది.

ఆ తేడా ఎందుకంటే, సబ్బులూ కార్లూ ఫోన్లూ అమ్మే కంపెనీలు అక్కడ చాలాకాలంగా 18 నుంచి 49 ఏళ్ళ లోపు వాళ్ళ కోసమే ఎక్కువ ధర చెల్లిస్తూ వచ్చాయి. ఆ వయసువాళ్ళలో నూటికి ఒకరు చూస్తే ఒక రేటింగ్ పాయింటు. మనుషుల లెక్కన అది 12, 13 లక్షల మంది. బామ్మగారు చూసినా మొత్తం ప్రేక్షకుల సంఖ్యలో చేరతారు గానీ ఆ పాయింటులో చేరరు. మీ వయసు పిల్లలూ అంతే. సూపర్‌హీరోను అందరికంటే ప్రాణంగా చూసుకునే మీరు, ఆ సూపర్‌హీరో బతుకును తేల్చే ముఖ్యమైన అంకెలో లేనే లేరు! ఇది నాకు ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది. రికార్డు చేసుకుని తరువాత చూసేవాళ్ళను మూడు రోజులకూ, వారం రోజులకూ మళ్ళీ లెక్క కడతారు. అయితే వాళ్ళు ప్రకటన రాగానే ముందుకు జరిపేస్తారు కాబట్టి, ప్రకటనదారు మూడు రోజుల లోపల ఆ ప్రకటన నిజంగా ఎంతమంది కళ్ళబడిందో అంతకే డబ్బిస్తానని పట్టుబట్టాడు. 2007 నుంచి అక్కడి బేరాలు చాలావరకు ఆ లెక్కమీదనే సాగాయి.

ఇక సూపర్‌గర్ల్ కథ వినండి. టీవీ వ్యాపారం గురించి ఒకే ఒక్క ఉదాహరణతో చెప్పమంటే నేను దాన్నే ఎంచుకుంటాను. 2015 అక్టోబర్ 26న సీబీఎస్ ఛానెల్‌లో అది మొదలైనప్పుడు తొలి ఎపిసోడ్‌ను దాదాపు 1.3 కోట్ల మంది చూశారు. సీజన్ ముగిసేసరికి అందులో సగం మందే మిగిలారు. అంటే అరవై లక్షల మంది! మన కంటికి అది మహా జనసముద్రమే. కానీ సీబీఎస్ అప్పట్లో అమెరికాలో అందరికంటే ఎక్కువమంది చూసే ఛానెల్. దాని ప్రేక్షకుల్లో వయసు మళ్ళినవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు ఇష్టమైనవి పోలీసు దర్యాప్తు కథలు. ఒక అమ్మాయి ఆకాశంలో ఎగరాలంటే గ్రాఫిక్స్‌కు అయ్యే ఖర్చులో అరపైసా కూడా ఇద్దరు డిటెక్టివులు గదిలో కూర్చుని మాట్లాడుకోవడానికి కాదు. ఆ ఖర్చుకు ఆ అంకె సరిపోలేదు.

2016 మేలో సూపర్‌గర్ల్‌ను ది సీడబ్ల్యూ అనే చిన్న ఛానెల్‌కు మార్చారు. ఆ ఏడాది అక్టోబర్‌లో అక్కడ మొదటి ఎపిసోడ్‌ను చూసినవాళ్ళు సుమారు ముప్పై లక్షలు, అంటే పాత ఛానెల్‌లో చివరికి మిగిలినవాళ్ళలో సగం. విచిత్రమేమంటే, ఇక్కడ ఆ అంకెకు పండుగ చేసుకున్నారు. సోమవారం రాత్రి సీడబ్ల్యూకు అంతమంది దొరికి ఏళ్ళయింది మరి. ఒక ఇంట్లో బరువనిపించినదానిలో సగం, ఇంకో ఇంట్లో వరమైంది. ఆ సీరియల్ అక్కడ మరో ఐదు సీజన్లు నడిచి, 2021 నవంబర్‌లో కథ ముగించుకునే మంగళం పాడింది.

అయితే చిన్న ఇంటికి తగ్గట్టు ఖర్చు తగ్గించాలి కదా. లాస్ ఏంజెలెస్‌లో జరిగే షూటింగును కెనడాలోని వాంకూవర్ నగరానికి మార్చారు. ఆ ఛానెల్‌లోని మిగతా సూపర్‌హీరోల సీరియళ్ళు అప్పటికే అక్కడ తయారవుతున్నాయి, ఖర్చులోనూ రాయితీలు దొరుకుతాయి. మొదటి సీజన్‌లో కథానాయిక యజమానురాలిగా, పదునైన మాటలతో ఆకట్టుకున్న క్యాట్ గ్రాంట్ పాత్ర గుర్తుందా? ఆ పాత్ర వేసిన నటి కలిస్టా ఫ్లాక్‌హార్ట్ నివాసం లాస్ ఏంజెలెస్‌లో. అందుకని రెండో సీజన్ మొదట్లోనే క్యాట్ గ్రాంట్ ఉద్యోగం వదిలి కొత్త జీవితం వెతుక్కుంటూ వెళ్ళిపోతుంది. తరువాత ఎప్పుడో చుట్టపుచూపుగా వస్తుంది. మీరు దాన్ని కథలో మలుపు అనుకున్నారు. నాకు అందులో జమాఖర్చుల పుస్తకం కనబడింది.

సీడబ్ల్యూ అన్నేళ్ళు ఓపిక పట్టడానికి కారణం ఇంకొకటి ఉంది. ఆ ఛానెల్ అప్పట్లో సీబీఎస్, వార్నర్ బ్రదర్స్ సంస్థల ఉమ్మడి ఆస్తి. ఈ సీరియళ్ళను తీసేది వార్నర్ బ్రదర్సే. ప్రకటనల మీద వచ్చేది కాస్త తగ్గినా, విదేశాల ఛానెళ్ళకు అమ్ముకునేదీ, నెట్‌ఫ్లిక్స్‌తో 2011 నుంచి ఉన్న ఒప్పందం కింద వచ్చేదీ యజమానుల జేబులోకే చేరేది. కాబట్టి ఛానెల్ అంకెలు నీరసంగా ఉన్నా సీరియల్ లాభసాటిగానే ఉండేది.

ఇప్పుడు స్పిన్‌ఆఫ్‌ల సంగతి. ఒక సీరియల్ కడుపున పుట్టిన ఇంకో సీరియల్‌ను అలా అంటారని మీకు తెలుసు. కొత్త పేరును జనానికి పరిచయం చేయడానికి కోట్లు ఖర్చవుతాయి. ఇప్పటికే ఇష్టపడిన సీరియల్‌లో ఒక పాత్రను రెండు వారాలు తిప్పితే ఆ పని ఉచితంగా జరిగిపోతుంది. 2012లో సీడబ్ల్యూలో మొదలైన యారో (Arrow) అనే సీరియల్‌లోకి 2013 డిసెంబర్‌లో బ్యారీ ఆలెన్ అనే కుర్రవాడు వచ్చింది ఇందుకే. మొదట అతన్ని మూడు ఎపిసోడ్లలో చూపించి, మూడోదాన్నే కొత్త సీరియల్‌కు నమూనాగా వాడుకోవాలనుకున్నారు. ఇలాంటి నమూనాను ఆ వృత్తిలో బ్యాక్‌డోర్ పైలట్ అంటారు. షూటింగులో తీసిన దృశ్యాలు చూసి ఛానెల్ పెద్దలు ముచ్చటపడి, విడిగానే పైలట్ తీయించారు. అలా 2014 అక్టోబర్‌లో ఆ బ్యారీయే హీరోగా వచ్చిన ఫ్లాష్, తల్లి సీరియల్ ముగిశాక కూడా మూడేళ్ళు నడిచి, 2023 మేలో తొమ్మిది సీజన్లతో ముగిసింది.

అందరికీ ఆ అదృష్టం పట్టలేదు. ఏబీసీ ఛానెల్‌లో 2013లో మొదలైన ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్‌లో బాబీ, హంటర్ అనే జంట ఉండేది. వాళ్ళిద్దరితో మోస్ట్ వాంటెడ్ అనే కొత్త సీరియల్ తీయాలని, 2016 మార్చిలో వాళ్ళను పాత సీరియల్ నుంచి పంపించేశారు. ఆ వీడ్కోలు చూడకపోతే ఒకసారి చూడండి. ఇద్దరూ ఒక బార్‌లో దిగులుగా కూర్చుని ఉంటారు. తోటి గూఢచారులెవరూ దగ్గరికి వచ్చి మాట్లాడకూడదు, మాట్లాడితే ప్రమాదం. అప్పుడు వాళ్ళ బల్ల మీదికి ఒక్కొక్క గ్లాసూ వస్తుంది; తలెత్తి చూస్తే అదే బార్‌లో ఒక్కొక్క మూల ఒక్కొక్క మిత్రుడు. అంత చక్కగా సాగనంపిన రెండు నెలలకే ఏబీసీ ఆ కొత్త సీరియల్ పైలట్‌ను పక్కన పెట్టేసింది. వీధి చివర వీడ్కోలు చెప్పించుకున్నవాళ్ళకు చేరాల్సిన ఊరే లేకపోయింది. అదే మే నెలలో ఏజెంట్ కార్టర్‌ను కూడా రెండు సీజన్లతో ఆపేశారు. అభిమానులు సంతకాలు సేకరించారు గానీ ఫలితం లేకపోయింది.

మరి అంతకంతకూ ప్రేక్షకులను పోగొట్టుకుంటూ వచ్చిన షీల్డ్ ఎలా బతికింది? దాన్ని 2017 చివర్లో శుక్రవారం రాత్రికి నెట్టారు. యువకులంతా బయట తిరిగే ఆ రాత్రికి ఏ సీరియల్‌ను మార్చినా పాడె కట్టినట్టేనని అక్కడ పేరు. అయినా అది 2020 దాకా ఏడు సీజన్లు నడిచింది. ఏబీసీకీ, ఆ సీరియల్ తీసిన మార్వెల్‌కూ యజమాని ఒక్కరే, డిస్నీ. బయట అమ్ముకునే హక్కులూ వాళ్ళవే. ఎపిసోడ్ల సంఖ్య వంద దాటితే ఇతర ఛానెళ్ళకు ప్రతిరోజూ వేసుకునేందుకు అమ్మడం తేలిక అన్న పాత లెక్క కూడా అక్కడ ఉంది.

ఉత్తరాలు పనిచేసిన కాలమూ లేకపోలేదు. 1975లో సిక్స్ మిలియన్ డాలర్ మ్యాన్ సీరియల్‌లో జేమీ సోమర్స్ పాత్రను చంపేస్తే జనం ఊరుకోలేదు. రచయితలు ఆమెను బతికించారు, 1976 జనవరిలో ఆమె పేరిట బయానిక్ ఉమన్ అనే సీరియలే వచ్చింది. మరుసటి ఏడాది ఏబీసీ వదులుకుంటే పోటీ ఛానెల్ ఎన్‌బీసీ తీసుకుంది. దాంతో తల్లి సీరియల్ ఒక ఛానెల్‌లో, పిల్ల సీరియల్ దాని పోటీదారు దగ్గర. రెండింటిలోనూ అదే పై అధికారి, అదే నటుడు రిచర్డ్ ఆండర్సన్, వారం వారం రెండు ఛానెళ్ళలో కనబడేవాడు.

సీడబ్ల్యూ దగ్గరికి వస్తే, 2022 ఏప్రిల్‌లో ఒకే రోజున లెజెండ్స్ ఆఫ్ టుమారోనూ, బ్యాట్‌వుమన్‌నూ ఆపేశారు. లెజెండ్స్ వీరులంతా చివరి ఎపిసోడ్‌లో అరెస్టయ్యారు. ఇప్పటికీ విడుదల కాలేదు. అప్పటికి ఛానెల్ అమ్మకానికి ఉంది, నెట్‌ఫ్లిక్స్‌తో పాత ఒప్పందం కొత్త సీరియళ్ళకు వర్తించడం లేదు. ఆ ఏడాదే నెక్స్‌టార్ అనే సంస్థ అధిక వాటా కొని, టీవీలో ఆ ఛానెల్ చూసేవాళ్ళ సగటు వయసు 58 ఏళ్ళని చెప్పింది. కుర్రకారు ఛానెల్ అని మనమంతా అనుకుంటున్నదాని సంగతి అది! ప్రకటనలతోనే లాభం రావాలన్న కొత్త యజమానికి, విదేశీ అమ్మకాల కోసం ఖరీదైన సీరియల్‌ను భరించే అవసరం లేదు. సూపర్‌మ్యాన్ అండ్ లోయిస్‌కు చివరి సీజన్‌లో నటులను తగ్గించి, పది ఎపిసోడ్లతో 2024 డిసెంబర్‌లో ముగించారు.

ఇక మీ చివరి ప్రశ్న. మన ఊళ్ళో కూర్చుని మీరు చూసినది నీల్సన్ లెక్కలోకి రాదు. ఇక్కడి హక్కులు కొన్నవాళ్ళు ఇచ్చే ధరలో మాత్రం ఏ కొంచెమో చేరుతుంది. నెట్‌ఫ్లిక్స్ లాంటి చోట మీరు ఏ నిమిషంలో ఆపేశారో కూడా కంపెనీకి తెలుసు, కానీ ఆ అంకె చాలాకాలం వాళ్ళ గోడలు దాటి బయటికి రాలేదు. మార్వెల్ హీరోతో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన డేర్‌డెవిల్ మూడో సీజన్‌ను అందరూ మెచ్చుకుంటున్న 2018 నవంబర్‌లోనే దాన్ని ఆపేశారు. దాని కడుపున పుట్టిన పనిషర్‌ను 2019 ఫిబ్రవరిలో ఆపారు. ఎంతమంది చూశారో ఎవరూ చెప్పలేదు. అప్పటికి డిస్నీ సొంత స్ట్రీమింగ్ సర్వీసు పెట్టుకునే ఏర్పాట్లలో ఉంది. తన హీరోలతో పోటీదారు దుకాణం నడవడం దానికి అవసరం లేదు, ఆ హీరోల మీద ఖర్చు పెట్టడం నెట్‌ఫ్లిక్స్‌కూ గిట్టుబాటు కాలేదని అప్పట్లో మా వాళ్ళంతా అనుకున్నారు. అదే డేర్‌డెవిల్, అదే నటుడితో, 2025లో డిస్నీ సర్వీసులోనే మళ్ళీ సొంత సీరియల్‌తో వచ్చాడు.

ఇట్లు,
మీ తాతయ్య