లైబ్రరీ అడగడం ఎప్పుడు మానేసింది?

ఈ మధ్య ఒకరోజు నల్లగొండలో ఒక లైబ్రరీకి పొద్దున తొమ్మిదింటికే పోతే కూర్చోవడానికి కుర్చీ దొరకలేదు. లైబ్రరీలకు ఎవరూ రావట్లేదని రాసేవాళ్ళు ఒకసారి వచ్చి చూడాలి, గ్రూప్స్‌కి, పోలీస్ ఉద్యోగాలకి ప్రిపేరయ్యే పిల్లలతో హాలంతా నిండిపోయింది, బయట వేప చెట్టు కింద కూడా ముగ్గురు కూర్చుని చదువుతున్నారు. అయితే ఒక్కరి చేతిలోనూ లైబ్రరీ పుస్తకం లేదు. ఎవరి పుస్తకాలు వాళ్ళే బ్యాగులో తెచ్చుకున్నారు, లైబ్రరీ పుస్తకాలు గోడ పక్కన అద్దాల బీరువాల్లో తాళం వేసి ఉన్నాయి. గోడ మీద సెల్‌ఫోన్ వాడరాదని బోర్డు. దాని కిందే ఒక అబ్బాయి పేపర్‌లో సంపాదకీయం పేజీని ఫోటో తీసి టెలిగ్రామ్ గ్రూపులో పెట్టాడు, నిమిషం గడవకముందే మిర్యాలగూడ నుంచి ఎవరో అందులో ఒక మాటకు అర్థం అడిగారు, ఇంకొకరెవరో చెప్పారు. చదవడం, పంచుకోవడం, అడగడం, చెప్పడం, లైబ్రరీ చేయాల్సిన పనంతా ఆ బల్ల మీదే జరిగిపోతోంది, లైబ్రరీకి మాత్రం ఆ సంగతి తెలియదు.

సోషల్ మీడియా వచ్చింది కాబట్టి లైబ్రరీలు మారాలని అందరూ అంటుంటారు. నాకు అర్థమైనంత వరకు, మన వైపు ఇది కొత్తగా నేర్చుకోవాల్సిన విద్య కాదు. మన లైబ్రరీలు పుట్టిందే ఇట్లా.

1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు లాంటివాళ్ళు కలిసి పెట్టిన లైబ్రరీ అది. ఆ మునగాల ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది, అప్పట్లో చుట్టూ నిజాం రాజ్యం ఉంటే మధ్యలో బ్రిటిష్ వాళ్ళ కిందున్న పరగణా. సర్కారు భాష ఉర్దూ, బడుల్లో తెలుగుకు చోటు అంతంతమాత్రం. అలాంటి రోజుల్లో తెలుగు చదువుకోవాలనుకున్నవాళ్ళు ఒకరినొకరు వెతుక్కుని, చందాలు వేసుకుని ఏర్పాటు చేసుకున్న చోటు లైబ్రరీ. 1918లో నల్లగొండలో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం పెట్టారు. లైబ్రరీ పెట్టిన ఆయనే 1922లో ‘నీలగిరి’ పత్రిక కూడా తెచ్చారు. లైబ్రరీ, పత్రిక, ప్రెస్సు ఆనాడు ఒకే మనుషుల చేతిలో ఉండేవి, అందుకే లైబ్రరీలో చదివినవాడి మాట పత్రికకెక్కేది, పత్రికలో పడ్డ మాట మళ్ళీ లైబ్రరీకి వచ్చి చర్చయ్యేది.

చదువు వచ్చినవాళ్ళు అప్పుడు ఊరికి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఒకరు పైకి చదివితే పది మంది వినేవాళ్ళు, మధ్యలో ఆపి ప్రశ్నలు అడిగేవాళ్ళు. పేపర్ ఒక్కటే అయినా చేరేది ఊరంతటికీ.

నకిరేకల్ దగ్గర చెరువు మాదారంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి ఇంకో అడుగు ముందుకేశారు. ఇళ్ళలో వంట పని చేసుకుంటూ చదువు నేర్చుకున్న మనిషి ఆయన. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, చిన్న చిన్న పుస్తకాలు తక్కువ ధరకు అచ్చు వేసి, వాటిని మోసుకుంటూ ఊరూరూ తిరిగి అమ్మారు. జనం లైబ్రరీ దగ్గరికి రావాలని కూర్చోలేదు, జనం ఎక్కడుంటే అక్కడికే పుస్తకం పోయింది. ఈ రోజు ఆ జనం ఫోన్‌లో ఉన్నారు కాబట్టి లైబ్రరీ ఫోన్‌లోకి పోవాలని ఎవరైనా చెప్తే, నాకు ముందు ఆళ్వారుస్వామే గుర్తొస్తారు.

నిజాం సర్కారుకు ఇదంతా మొదటి నుంచీ నచ్చలేదు. సభ పెట్టాలన్నా ముందే పర్మిషన్ కావాలని ఆళ్వారుస్వామి కంటే ముందే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు తెచ్చింది. నలుగురు కూర్చుని చదివే చోటులో చదువు ఒక్కటే ఉండదని వాళ్ళకూ తెలుసు.

ఇక ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ‘గోలకొండ కవుల సంచిక’. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒక పండితుడు రాశారు. సురవరం ప్రతాపరెడ్డి మన పాలమూరు మనిషి, 1926 నుంచి ‘గోలకొండ పత్రిక’ నడుపుతున్నారు. ఆ మాటకు జవాబుగా ఆయన పెద్ద వ్యాసం రాసి ఊరుకోవచ్చు. అట్లా చేయలేదు. మీ ఊళ్ళో కవులుంటే పద్యాలు, వివరాలు పంపండని పత్రిక ద్వారా అడిగారు. ఊళ్ళ నుంచి ఉత్తరాలు వచ్చాయి, పద్యాలు వచ్చాయి, వాటిని ఏరి, సరిచూసి, 1934లో 354 మంది కవులతో సంచిక అచ్చు వేశారు. రోడ్డు లేని ఊళ్ళ నుంచి, పోస్టు ఎప్పుడు చేరుతుందో తెలియని తాలూకాల నుంచి అంత మంది ఒక్క పుస్తకంలోకి వచ్చారు. ఈ రోజు ఇంటర్నెట్‌లో వేల మంది తలా ఒక చేయి వేసి ఒక పని పూర్తి చేయడాన్ని క్రౌడ్ సోర్సింగ్ అంటున్నాం కదా, ఆయన దగ్గర ఉన్నది పోస్టు కార్డూ, వారానికి రెండుసార్లు వచ్చే పత్రికా మాత్రమే. కానీ పద్ధతి అదే. అడగాలి, వచ్చిన ప్రతిదాన్నీ పరిశీలించాలి, పంపినవాడి పేరు, ఊరు పోనివ్వకుండా నిలబెట్టాలి.

తర్వాత చట్టం వచ్చింది. 1955లో హైదరాబాద్ రాష్ట్ర గ్రంథాలయాల చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. దీన్ని నేను తక్కువ చేసి మాట్లాడను, చందాలు ఎండిపోతే మూతపడే లైబ్రరీకి ఒక ఆదాయం, ఒక బిల్డింగు, ఒక ఉద్యోగి దొరికాయి. కానీ చందా వేసినవాడు పాఠకుడిగా మారి, పాఠకుడు కాస్తా రిజిస్టర్‌లో సంతకంగా మిగిలిపోయాడు. పుస్తకాలు పై నుంచి వస్తాయి, నంబర్ పడుతుంది, బీరువాలోకి పోతాయి. మీ ఊళ్ళో ఏముంది, మీకేం తెలుసు అని లైబ్రరీ జనాన్ని అడగడం ఆ నడుమ ఎక్కడో ఆగిపోయింది.

ఇదే సమస్య అమెరికాలో ఇంకో దారిలో ముందుకొచ్చింది. 2005లో మైకేల్ కేసీ అనే లైబ్రేరియన్ ‘లైబ్రరీ 2.0’ అనే మాట వాడారు. పాఠకుడు తీసుకుపోయేవాడు మాత్రమే కాదు, ఇచ్చేవాడు కూడా అనేది అందులో సారం. 2007లో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ లైబ్రరీ తన కేటలాగ్‌లోనే పాఠకులు పుస్తకాలకు ట్యాగులు, రేటింగులు, అభిప్రాయాలు రాసే ఏర్పాటు చేసింది. ఆ ఊపులో ప్రపంచమంతా లైబ్రరీలు బ్లాగులు, ఫేస్‌బుక్ పేజీలు తెరిచాయి, వాటిలో కొన్ని కొన్నాళ్ళకే మూలన పడ్డాయి, ఎందుకంటే వాటిలో సెలవు రోజులు, జయంతి శుభాకాంక్షలు తప్ప మాట్లాడుకోవడానికి ఏమీ లేదు.

పని జరిగింది మాత్రం ఇంకోచోట. 2008 జనవరిలో అమెరికా జాతీయ లైబ్రరీ లాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన దగ్గరున్న దాదాపు 3,000 పాత ఫోటోలను ఫ్లికర్ అనే ఫోటోలు పంచుకునే వెబ్‌సైట్‌లో పెట్టింది. వాటిలో చాలా వాటికి అరకొర వివరాలే ఉన్నాయి. ఇందులో ఎవరున్నారు, ఇది ఏ వీధి, మీకు తెలిస్తే చెప్పండి అని జనాన్ని అడిగింది. జనం చెప్పారు. సిబ్బంది ఒక్కోటి పాత పేపర్లలో వెతికి సరిచూసి, నిజమని తేలిన వాటిని కేటలాగ్‌లోకి ఎక్కించి, ఈ సమాచారం ఫ్లికర్ నుంచి వచ్చిందని పక్కనే రాశారు. ఆ ఏడాదిలోనే 500కు పైగా రికార్డులు ఇట్లా సరిదిద్దారు. చదువుతుంటే నాకు ప్రతాపరెడ్డి బల్ల మీద ఉత్తరాల కట్ట కనబడింది.

మన భాషలో ఆ పని లైబ్రరీల బయట మొదలైంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలైంది, జీతం లేని మనుషులు మన పల్లెలకు ఒక్కో పేజీ రాస్తూ వచ్చారు. ఫేస్‌బుక్ లాంటి పాత సోషల్ మీడియా సైటు ఆర్కుట్‌లో తెలుగు సాహిత్యం మీద మంచి చర్చలు నడిచేవి, 2014 సెప్టెంబర్‌లో ఆర్కుట్ మూసేశారు. చర్చ ఎంత మంచిదైనా, అది జరిగిన చోటు మనది కానప్పుడు ఒకరోజు పోతుంది. లైబ్రరీ ఇందులోకి ఎందుకు రావాలి అంటే నా జవాబు ఇదే, మాట్లాడుకోవడానికి కంపెనీలు ఎన్నైనా యాప్‌లు ఇస్తాయి కానీ దాచిపెట్టడం తన ధర్మంగా పెట్టుకున్నది లైబ్రరీ ఒక్కటే.

ఇది నాకు మా ఊరి వాట్సాప్ గ్రూపులో తెలిసొచ్చింది. దేవరకొండ వైపు మా ఊరు. రెండేళ్ళ కింద ఎవరో ఒక నలుపు తెలుపు ఫోటో పెట్టారు, మోట కొడుతున్న బావి, రెండు ఎడ్లు, తలకు రుమాలు చుట్టుకున్న ఒక మనిషి. ఎవరి బావి అని మొదలై ఆ సాయంత్రానికి అరవై మెసేజ్‌లు వచ్చాయి. అప్పుడు వరసకు నాకు పెద్దనాయన అయ్యే ఒకాయన, టైప్ చేయడం రాదు, వాయిస్ మెసేజ్ పెట్టాడు. నాలుగు నిమిషాలు ఉంటుంది. ఆ బావి ఎవరిదో, ఆ ఎడ్ల పేర్లేమిటో, తోలు తొండం పాడైతే ఎవరింటికి తీసుకుపోయేవాళ్ళో చెప్పి, చివర్లో మోట కొట్టేటప్పుడు పాడే పాట రెండు చరణాలు పాడాడు. ఎనభై ఏళ్ళ గొంతు, వెనకాల బర్రె అరుపు. అందరూ దండాలు పెట్టారు. ఆర్నెల్ల తర్వాత ఆ పాట కోసం వెతికితే లేదు, ఫోన్ స్టోరేజ్ నిండిందని నేనే అన్నీ డిలీట్ చేశాను, మిగతావాళ్ళ ఫోన్లలోనూ లేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

నాగర్‌కర్నూల్‌లో కపిలవాయి లింగమూర్తి బతికున్నంత కాలం పాలమూరు గుళ్ళ చరిత్రలు, ఊళ్ళ కథలు తిరిగి తిరిగి పోగు చేశారు. 2018లో ఆయన పోయారు. ఆ పని ఇంక ఒక్క మనిషి మీద వదిలేసేది కాదు. ప్రతి ఊరికీ గ్రూపుంది, ప్రతి గ్రూపులో ఒక పెద్దనాయన ఉన్నాడు. మండల లైబ్రరీ చేయాల్సింది నెలకు ఒక పాత ఫోటో పెట్టి అడగడం, వచ్చిన వాయిస్‌ను ఫైలుగా దింపుకుని, ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ తేదీ అని రాసి, చెప్పినవాళ్ళ అనుమతి తీసుకుని, రెండు చోట్ల దాచడం. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, ఒక కంప్యూటర్, ఒక హార్డ్ డిస్క్, వారానికి రెండు గంటలు ఓపికగా కూర్చునే మనిషి చాలు. ఆ మనిషికి పై నుంచి ఆర్డర్ ఉండాలి, లేకపోతే ఆఫీసు టైంలో ఫోన్ చూస్తున్నాడని మెమో ఇస్తారని టెన్షన్ పడతాడు.

జాగ్రత్తలూ ఉన్నాయి. వాట్సాప్ గ్రూపు పెడితే అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి, ఆడపిల్లలు చేరడానికి వెనకాడతారు, ప్రకటనలకు చానల్ పెట్టుకుంటే ఆ ఇబ్బంది లేదు. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో ఎక్కడా పెట్టకూడదు, అది పాఠకుడి సొంత విషయం. టెలిగ్రామ్‌లో తిరిగే పీడీఎఫ్‌ల సంగతి కూడా పిల్లలకు చెప్పాలి, కొత్త పుస్తకాన్ని స్కాన్ చేసి పంచడం తప్పు, కానీ మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్ళకు కాపీరైట్ తీరిపోతుంది. ప్రతాపరెడ్డి 1953లో పోయారు, ఆళ్వారుస్వామి 1961లో. వాళ్ళు బతికుండగా అచ్చయిన పుస్తకాలు ఇప్పుడు అందరివీ. బీరువాలో పాత ప్రతి ఉంటే స్కాన్ చేసి, పాత పుస్తకాలు అందరూ ఉచితంగా చదువుకునే తెలుగు వికీసోర్స్ సైట్‌లో పెట్టొచ్చు, ప్రిపేరయ్యే పిల్లల్లో పది మంది రోజుకో పేజీ టైప్ చేసినా, తెలంగాణ చరిత్ర సిలబస్ వాళ్ళకు అక్కడే చదివినట్టవుతుంది.

పోయిన నెల మా మండలంలో లైబ్రరీ చూసుకునే అన్నతో ఇదంతా మాట్లాడాను. రిజిస్టర్‌లో పుస్తకాలకు తప్ప వాయిస్‌లకు కాలమ్ లేదే అన్నాడు. కాసేపు ఆలోచించి, కొత్త నోట్‌బుక్ తీసి మొదటి పేజీలో గీతలు గీసి, పేరు, ఊరు, తేదీ, విషయం అని రాశాడు. ఆదివారం ఇద్దరం కలిసి పెద్దనాయన దగ్గరికి పోతున్నాం. ఫోన్ చేసి చెప్తే, ‘ఆ పాట మొత్తం ఏడు చరణాలు రా, అప్పుడు రెండే పాడిన’ అన్నాడు.